జట్టు కన్నా ముందు ఆట: ఒక జడ్పీ హైస్కూల్లో ఫుట్‌బాల్ తొలి తొమ్మిదేళ్లు

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. 2015 నుంచి 2024 దాకా ఉత్తర తెలంగాణలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేశాను. నేను వెళ్లేనాటికి ఆ బడిలో ఫుట్‌బాల్ లేదు. అది ఎలా మొదలైందో, ఎలా ఆగిపోయిందో, మళ్లీ ఎలా లేచిందో ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు, పిల్లల పేర్లు, గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. కొత్తగా పోస్టింగు వచ్చిన పీఈటీలకు ఇది పనికొస్తుందని నమ్మకం. మొదటి రెండేళ్లలోనే గెలుస్తున్నవాళ్లు మరీ ముఖ్యంగా చదవాలి. నేను దెబ్బతిన్నది అక్కడే.

నేపథ్యం

ఆరు నుంచి పది దాకా మూడు వందలకు పైగా పిల్లలు. సగం మంది ఊళ్లోవాళ్లు, మిగతా సగం చుట్టుపక్కల ఊళ్ల నుంచి, రెండు తండాల నుంచి పల్లె వెలుగు బస్సులోనో ఆటోల్లోనో వచ్చేవాళ్లు. మైదానం విశాలంగానే ఉండేది కానీ అంతా మొరం నేల. వానలు తగ్గగానే పల్లేరు కాయలు పరుచుకునేవి. వరికోతలప్పుడు ఒక పక్కంతా వడ్లు ఆరబోసేవాళ్లు. ఆదివారం వస్తే ఊరి యువకుల క్రికెట్. బడికి కబడ్డీలో, ఖోఖోలో మంచి పేరుంది, వాలీబాల్ కూడా ఆడేవాళ్లు.

మరి ఫుట్‌బాల్ ఎందుకు? నేను కాలేజీలో ఆడిన ఆట కావడం ఒక కారణం. రెండోది, కబడ్డీలో బరిలో ఉండేది ఏడుగురు, వాలీబాల్లో ఆరుగురు. గేమ్స్ పీరియడులో నలభై మంది క్లాసు బయటికొస్తే ఇరవై ఐదు మంది చెట్టు కింద కూచునేవాళ్లు. ఒక్క బంతితో ఎక్కువ మందిని పరిగెత్తించే ఆట కావాలనుకున్నాను. ఈ రెండో కారణాన్ని నేనే మూడేళ్లపాటు మరిచిపోయాను.

ఎస్ఎంసీ (పాఠశాల యాజమాన్య కమిటీ) సమావేశంలో ఒక పెద్దాయన అడిగాడు: "మన దిక్కు ఫుట్‌బాల్ ఎవలాడ్తరు సార్?" నాకు తెలిసింది చెప్పాను. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించిన భారత జట్లను తయారుచేసింది హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన అసలు ఉద్యోగం బడిపంతులు. సమావేశంలో అందరూ శ్రద్ధగా విన్నారు. చివరికి ఒప్పుకున్నది మాత్రం "బంతి ఒక్కటుంటే చాలు, ఖర్చేం లేదు" అన్న మాటకే. పోనీ, ఏదో ఒకదానికి ఒప్పుకున్నారు.

మొదటి రెండేళ్లు: గెలుపు

2015 జూన్‌లో చేతిలో మూడు బంతులు. వెదురు బొంగులతో గోల్ పోస్టులు పాతాం. సరిగ్గా 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉండాలని టేపు పెట్టి కొలిచాను. పాత చేపల వల తెచ్చి వెనక కట్టాం.

ఆగస్టులో మండల స్థాయి స్కూల్ గేమ్స్. జూన్ 12న బడి తెరిస్తే చేతిలో ఉండేది రెండు నెలలు. రెండు నెలల్లో ఆట రానివాడికి ఆట నేర్పలేం, ఒళ్లు సిద్ధంగా ఉన్నవాడికి మాత్రం నేర్పొచ్చు అని లెక్క వేసుకున్నాను. కబడ్డీ, ఖోఖో ఆడే తొమ్మిది, పది తరగతుల మగపిల్లల్లోంచి గట్టివాళ్లను పదహారు మందిని ఏరాను. పొద్దున ఆరింటి నుంచి ఏడున్నర దాకా సాధన. ఆ రోజుకు ఆ తర్కంలో తప్పేమీ కనిపించలేదు.

మొదటి ఏడాది మండలంలో గెలిచాం, జిల్లా పోటీల్లో మొదటి మ్యాచే చిత్తుగా ఓడాం. రెండో ఏడాది అందులోంచే ఎక్కువమంది మిగిలారు, కొందరు కొత్తగా చేరారు, జిల్లా ఫైనల్ దాకా వెళ్లాం. పేపర్లో ఫోటో పడింది. హెచ్ఎం సార్ ప్రార్థనలో పిల్లల్ని ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. దాత ఒకరు పదకొండు జతల బూట్లు కొనిచ్చారు. ఇక ఈ బడిలో ఫుట్‌బాల్ నిలబడిపోయిందనుకున్నాను.

సమస్య

2017 జూన్. పదహారు మందిలో పదకొండు మంది పది పాసై వెళ్లిపోయారు. మిగిలిన ఐదుగురిలో గోల్‌కీపర్ లేడు. కింది క్లాసుల్లో బంతిని ఆపడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఆగస్టులో మండల పోటీల్లో, కిందటేడు మేం నాలుగు గోల్స్‌తో గెలిచిన బడి చేతిలోనే ఓడిపోయాం.

అప్పుడు నేను వేసిన మందు ఆ రోగాన్ని పెంచేదే. ట్రయల్స్ పెడుతున్నట్టు ప్రకటించాను. పొద్దున సాధన ఒకటిన్నర గంట నుంచి రెండు గంటలకు పెంచాను. రాని వాళ్లను మందలించాను. నెల తిరిగేసరికి వచ్చేవాళ్లు ఎనిమిది మందికి పడిపోయారు.

కారణం వెతుకుతూ హాజరు పుస్తకం ముందేసుకుని కూచుంటే మొదట కనపడింది బస్సు. తండాల నుంచి పిల్లలు బడికి చేరేది దాదాపు తొమ్మిదింటికి. పొద్దున ఆరింటి సాధనకు వాళ్లు రావడం కుదరని పని. అంటే మూడేళ్లుగా నేను ఏరుకుంటున్నది మొత్తం బడిలోంచి కాదు, బడికి నడిచి రాగలిగిన సగంలోంచే. ఖోఖోలో అందరికన్నా చురుగ్గా పరిగెత్తే పిల్లలు తండాల వాళ్లని నాకు తెలుసు. అయినా సాధన సమయం ఒక గోడలా వాళ్లను ఆపుతోందని తోచలేదు.

రెండో కారణం ఒక పిల్లవాడు చెప్పాడు. నేను చేరిన ఏడాదే ఆరో తరగతిలో చేరాడు. బక్కపలచటి మనిషి. రెండేళ్లపాటు ఒక్క పొద్దు తప్పకుండా వచ్చాడు. బంతులు మోసుకొచ్చేవాడు, గాలి కొట్టేవాడు, అందరికీ నీళ్లు తెచ్చేవాడు. నేను ఒక్కసారీ జట్టులోకి తీసుకోలేదు. 2017లో అతను రావడం మానేసి చాన్నాళ్లయ్యాక గానీ నేను గమనించలేదు, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఒక సాయంత్రం ప్రహరీ గోడ మీద కూచుని చూస్తుంటే పిలిచి అడిగాను, ఎందుకు వస్తలేవురా అని.

"నన్నెట్లనో తీస్కోరు గద సార్. ఆడేటప్పుడు గుడ బంతి నాకాడికి రాదు."

మొదటి మాటకు నా దగ్గర జవాబు ఉంది: పెద్దయ్యాక తీసుకుంటాను. రెండో మాటకు లేదు. మర్నాడు గేమ్స్ పీరియడులో పదకొండు మంది చొప్పున రెండు జట్లు చేసి ఆడించి, నోటుబుక్కు పట్టుకుని గీత మీద నిలబడ్డాను. ఆటంతా ఒక చిన్న పిల్లవాడి మీదే కన్నేశాను. ఇరవై నిమిషాల్లో అతని కాలికి బంతి తగిలిన సార్లు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు సరిపోయాయి. మిగతా సేపంతా బంతి ఉన్న వైపు పరిగెత్తాడు, అది దాటిపోయాక వెనక్కి పరిగెత్తాడు. నేను దాన్ని సాధన అని పిలుస్తూ వచ్చాను.

నిర్ణయం

హైస్కూలు పిల్లవాడు మన చేతిలో ఉండేది ఐదేళ్లు. నేను వాళ్లను చివరి రెండేళ్లలో పట్టుకుంటున్నాను. కాబట్టి ప్రతి రెండేళ్లకూ జట్టు ఖాళీ కావాల్సిందే. అంతకాలం నేను నడిపింది ఒక జట్టును. దాని కింద ఆట లేదు.

2018 వేసవి సెలవుల్లో హెచ్ఎం సార్ ఇంటికి వెళ్లి మూడు అడిగాను. ఆరు, ఏడు తరగతుల గేమ్స్ పీరియడ్లు పగటి పూటే ఉండాలి, వాటిని లెక్కలకో సైన్సుకో మళ్లించకూడదు. ఎనిమిదో తరగతి వచ్చేదాకా ఎవర్నీ జట్టుకు ఏరను. రెండేళ్లపాటు పోటీల్లో ఫలితం అడగొద్దు. మొదటి రెండింటికీ సరే అన్నారు. మూడోదానికి ఆయన మొహం చిన్నబోయింది. ఫోటో పడ్డ పేపరు కత్తిరింపు ఇంకా ఆఫీసు గోడకు ఉంది మరి. "ఒక్క ఏడాది చూద్దాం" అన్నారు.

ఆ ఏడాదే సమగ్ర శిక్ష కింద హైస్కూళ్లకు 25,000 రూపాయల దాకా క్రీడా నిధి మొదలైంది. స్టాఫ్ రూములో అందరూ జట్టుకు జెర్సీలు కుట్టిద్దామన్నారు. నేను బంతులడిగాను, అదీ నాలుగో నంబరు బంతులు. ఐదో నంబరు బంతి 410 నుంచి 450 గ్రాములుంటుంది. ఆరో తరగతి పిల్లవాడు వట్టికాళ్లతో దాన్ని రెండుసార్లు గట్టిగా తంతే మూడోసారి భయపడతాడు. నాలుగో నంబరు బంతి చిన్నది, తేలిక. మొరం మీద కుట్ల బంతి ఒక్క సీజనుకే విచ్చిపోతుందని అనుభవంలో తెలిసింది గనక అచ్చు పోసిన రబ్బరు బంతులే పన్నెండు కొన్నాం. పంపులు, సూదులు, జట్లను గుర్తుపట్టడానికి చొక్కా మీద తొడిగే రెండు రంగుల బిబ్‌లు. జెర్సీలు కొనలేదు.

పనిచేసింది

మైదానాన్ని సున్నంతో ఆరు చిన్న ముక్కలుగా గీశాం. ఒక్కోటి దాదాపు 25 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. ఒక్కో ముక్కలో నలుగురికి నలుగురు. గోల్ అంటే రెండడుగుల ఎడంతో రెండు రాళ్లు. గోల్‌కీపర్ లేడు. క్లాసులో నలభై మంది ఉంటే ఐదు బంతులతో నలభై మందీ ఒకేసారి ఆడతారు. చెట్టు కింద ఎవరూ మిగలరు. అదే నోటుబుక్కు పట్టుకుని మళ్లీ నిలబడితే కాసేపటికే లెక్క తప్పి పుస్తకం మూసేశాను.

నేర్పడం తగ్గించాను. మొదట్లో ఇది నాకే కష్టమైంది. విజిల్ నోట్లో ఉంటే ఊదాలనిపిస్తుంది. అందుకే విజిల్ ఏడో తరగతి పిల్లలకిచ్చి వాళ్లనే రెఫరీలను చేశాను. నేను చేసిందల్లా రోజుకో నియమం మార్చడం. రహీం గురించి పాత హైదరాబాద్ ఆటగాళ్లు చెప్పుకునే మాటలు అప్పుడు అక్కరకొచ్చాయి. ఆయన బంతిని డ్రిబుల్ చేయకూడదనే, అంటే కాలితో నడిపించుకుంటూ పోకూడదనే నియమంతో మ్యాచ్‌లు పెట్టేవాడట, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవాడట. మేం మంగళవారం ఎడమకాలి రోజు పెట్టాం, గురువారం రెండు తాకుళ్ల రోజు, అంటే ఒక్కొక్కరు బంతిని రెండుసార్లు తాకగానే వదిలేయాలి. ఎడమకాలి రోజున గట్టివాడూ బక్కవాడూ ఒకటే అయిపోతారు. మొదటి మంగళవారం అందరూ పడీ పడీ నవ్వారు, రెండు నెలలకు నవ్వు ఆగి ఆట మొదలైంది.

లాంగ్ బెల్ తర్వాత ఏదీ పెట్టలేదు. బస్సు ఎక్కాల్సిన పిల్లలకు అందని సమయం ఎవరికీ ఇవ్వనని గట్టిగా అనుకున్నాను. బదులుగా మధ్యాహ్న భోజనం అయ్యాక ఇరవై నిమిషాలు, నీడలో మెల్లగా ఆడే పాస్‌ల ఆట. తండా పిల్లలు మొదటిసారి ఆటలోకి వచ్చింది అప్పుడే.

బూట్ల సంగతి విడిగా చెప్పాలి. దాత ఇచ్చిన పదకొండు జతలు మొదటి మూడేళ్లలో చేసిన కీడు నేను ఊహించలేదు. కాలికి పట్టినవాడే జట్టులో ఉన్నవాడు అయిపోయాడు. బూట్లున్నవాడు వట్టికాళ్లవాడి వేళ్లు తొక్కేవాడు. ఇద్దరు పిల్లలు గోరు ఊడి నెలరోజులు ఆటకు రాలేదు. ఆట నియమాల ప్రకారం పోటీల్లో బూట్లు, షిన్ గార్డులు (మోకాలి కింద ఎముకకు కట్టుకునే రక్షణ) తప్పనిసరి. సాధనలో అలా కాదు. అందుకే బడిలో ఆడేటప్పుడు అందరూ వట్టికాళ్లే అని తీర్మానించాను. బూట్లు బీరువాలో, పోటీలకు పదిహేను రోజుల ముందు అలవాటు కోసం బయటికి. దీనికి బదులుగా నేను చేయాల్సిన పని ఒకటుంది: ప్రతి సోమవారం ప్రార్థనకు ముందు ఇరవై మందితో వరుసగా నడిచి పల్లేరు కాయలు, గాజు పెంకులు, రాళ్లు ఏరడం. తొమ్మిదేళ్లలో నేను చేసిన పనుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది బహుశా ఈ నడకే.

ఆడపిల్లలు

2016లోనే ఆడపిల్లల జట్టు పెడదామని నోటీసు తిప్పాను. మూడు పేర్లొచ్చాయి. వారానికి అవీ పోయాయి. ఒక తల్లి బడికొచ్చి నెమ్మదిగానే అడిగింది: "కాలిరిగితే రేపు నా బిడ్డను ఎవల్ జేస్కుంటరు సార్?" నేను ఆటల వల్ల ఆరోగ్యం, ఉద్యోగాల్లో కోటా అంటూ ఏవో చెప్పాను. ఆమె అడిగిన ప్రశ్నకు అవేవీ జవాబులు కావు. ఆమె భయం ఆమె చూసిన లోకంలోంచి వచ్చింది.

2018లో ఆడపిల్లల కోసమని విడిగా ఏమీ చేయలేదు. ఆరో తరగతి మొత్తం ఆడింది, అందులో ఆడపిల్లలూ ఉన్నారు, అంతే. యూనిఫారం చుడీదార్‌లోనే, చున్నీ నడుముకు బిగించి. నలుగురి జట్టులో ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. వాళ్లు ఎనిమిదికొచ్చేసరికి కొత్తగా అడగాల్సింది ఏమీ మిగల్లేదు. తల్లిదండ్రుల దగ్గరికి "ఆడనివ్వండి" అని వెళ్లలేదు, "ఆడుతున్నది, ఇంకో ఊరికి పంపండి" అని వెళ్లాను. ఆ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. షరతులు పెట్టారు, న్యాయమైనవే: తోడుగా మేడం రావాలి, ట్రాక్ ప్యాంటే వేసుకోవాలి, చీకటి పడకముందే ఇంటి దగ్గర దింపాలి. బయాలజీ మేడం ప్రతిసారీ వచ్చారు. ఆమె లేకుంటే ఆ జట్టు లేదు.

మధ్యలో ఆగినది

2019 మండల పోటీల్లో అండర్-14లో మొదటి మ్యాచే ఓడాం. "ఏం సార్, ఉన్నది కూడా పాయె" అన్నారు స్టాఫ్ రూములో. నా దగ్గర చూపించడానికి కప్పు లేదు. హెచ్ఎం సార్‌ను ఆరో తరగతి గేమ్స్ పీరియడుకు తీసుకెళ్లి మైదానం పక్కన ఒక్క పీరియడ్ నిలబెట్టాను. చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. బంతులు బీరువాలో తాళంలో ఉండిపోయాయి. 2021 ఫిబ్రవరి చివర్లో చిన్న తరగతులు తెరిచేసరికి అన్నిట్లో గాలి పోయింది. పిల్లల్లోనూ పోయింది, చాలామంది పత్తి ఏరడానికి వెళ్లొచ్చారు. నెల తిరక్కముందే, మార్చి 24న మళ్లీ మూశారు. ఈసారి తాళం వేయలేదు. హెచ్ఎం సంతకంతో స్టాక్ రిజిస్టరులో రాసి తొమ్మిది బంతులు ఊళ్లకూ తండాలకూ పంచాను. పోతే నా జీతంలోంచి కట్టుకుంటానన్నాను. సెప్టెంబరు 1న బడి తెరిచాక ఏడు తిరిగొచ్చాయి, రెండు నున్నగా అరిగి చిరిగిపోయాయి. బంతి అరిగిపోయిందంటే ఆడారన్నమాట. ఆ రెండూ తండాలకిచ్చినవే. అక్కడి పిల్లల ఆట ఏమాత్రం తగ్గలేదు సరికదా, మిగతావాళ్లకన్నా రెండాకులు ఎక్కువే చదివారు.

ఫలితం, లోపం

2023లో మగపిల్లలూ ఆడపిల్లలూ మండలం దాటి జిల్లా పోటీలకు వెళ్లారు. ఇద్దరు జిల్లా జట్టు ఎంపికల దాకా వెళ్లారు, అందులో ఒకమ్మాయిది తండా. 2016లో మగపిల్లలు చేరినంత దూరం ఈ జట్లు చేరలేదు. కానీ ఆ ఏడాది పదో తరగతి వాళ్లను దసరా తర్వాత చదువుకోండని పూర్తిగా వదిలేయగలిగాను, స్పెషల్ క్లాసులతో ఒక్క గొడవా లేకుండా. కింద తొమ్మిది ఉంది, ఎనిమిది ఉంది, ఏడు ఉంది.

జిల్లా పోటీల్లో ఓడిన కారణం మాత్రం నా పద్ధతిలోంచే వచ్చింది. గోల్‌కీపర్ లేని చిన్న ఆట ఐదేళ్లు ఆడిస్తే గోల్‌కీపర్ ఎక్కణ్నుంచి వస్తాడు? తల మీదుగా వచ్చిన ప్రతి బంతీ మా వలలోనే పడింది. దూరం నుంచి తన్నడం కూడా మావాళ్లకు రాదు, 25 మీటర్ల గడిలో దూరమే ఉండదు. ఇది ముందే తట్టాల్సింది. ఆ తర్వాత ఏడో తరగతి నుంచి వారానికి ఒకరోజు పెద్ద గోల్, పెద్ద మైదానం పెట్టాను. గోల్‌కీపర్లను త్రోబాల్ ఆడే అమ్మాయిల్లోంచి, వాలీబాల్ ఆడే అబ్బాయిల్లోంచి వెతికాను. త్రోబాల్ అమ్మాయిలకు బంతి పట్టడం చేతుల్లోనే ఉంటుంది, కింద పడటం నేర్పితే చాలు.

ఇవాళ మళ్లీ మొదటినుంచి చేయమంటే ఆరో తరగతితోనే మొదలుపెడతాను, పొద్దున సాధన పెట్టను, గోల్‌కీపర్ సంగతి మొదటి ఏడాదే చూసుకుంటాను. గోడ మీద కూచున్న పిల్లవాడి విషయంలో మాత్రం నేను దిద్దుకోగలిగింది ఏమీ లేదు. పద్ధతి మారేనాటికి అతను తొమ్మిదిలోకి వచ్చాడు. రెఫరీగా రమ్మంటే వచ్చాడు, పది అయ్యేదాకా చేశాడు. అతను జట్టుకు ఒక్క మ్యాచూ ఆడలేదు.

2024 జూన్ బదిలీల్లో నాకు వేరే మండలం వచ్చింది. నా స్థానంలో వచ్చిన సార్ కబడ్డీ మనిషి, చాలా మంచి కోచ్. ఆయనకు గీతల కొలతలు, సోమవారం నడక సంగతి, బంతుల లెక్క రాసిన నోటుబుక్కు ఇచ్చాను. ఫుట్‌బాల్ నడపాలని మాట తీసుకోలేదు, అది న్యాయం కాదు.

ఆగస్టులో ఒకరోజు ఎల్పీసీ (చివరి జీతం ధ్రువపత్రం) కాయితం కోసం ఆ బడికి వెళ్లాను. మధ్యాహ్న భోజనం అయిపోయింది. కొత్త సార్ అవతలి మూల కబడ్డీ కోర్టు తవ్విస్తున్నారు. ఇవతల రాళ్ల గోల్స్ నాలుగు చోట్ల ఉన్నాయి. తొమ్మిదో తరగతి అమ్మాయి మెడలో విజిల్ వేసుకుని నిలబడింది, నాకు పేర్లు కూడా తెలియని ఆరో తరగతి పిల్లలు ఆడుతున్నారు. చూస్తూ నాకు తెలియకుండానే ముందుకు నడిచినట్టున్నాను. ఆ అమ్మాయి విజిల్ తీసి, కళ్లు ఆట మీదనే పెట్టి అంది:

"సార్, జెర పక్కకు జరుగుండ్రి. లైన్ల నిలవడ్డరు."

జరిగాను.